ఏడాదిన్నర ఎండ

నమోదు 212
నీరు: మోకాలి లోతు. పంపులు రెండూ నడుస్తున్నాయి. తూర్పు గోడకు చెమ్మ.

నాకు రెండు రోజులకో షిఫ్టు, షిఫ్టుకో నమోదు. ఈ పుస్తకంలో నీళ్ళ లోతు తప్ప మరేదీ రాయకూడదని రూలు. దాన్ని పాటించేవాళ్ళు ఎవరున్నారు? కనకరాజు తన పంటినొప్పి గురించి పేజీలకు పేజీలు నింపాడు. నా తర్వాతి షిఫ్టు వాడిదే కాబట్టి నేను రాసింది వాడు చదవక మానడు. చదువుకో కనకరాజూ, ఇవాళ నీ పంటికన్నా పెద్ద కబురుంది. నా మొగుడు రాజేశం నాకు విడాకుల కాగితాలు పంపాడు.

తీర్పుల గది మనిషి పంపు గదికే వచ్చి ఇచ్చిపోయాడు. నల్లగా నిగనిగలాడుతున్నాడు. ఆ గదిలో పనిచేసేవాళ్ళంతా అంతే. కేసులో ఎవరు ఓడితే వాళ్ళ ఎండ వంతులు వీళ్ళకు జమవుతాయి, జీతం కింద. నేల కింద ఉన్న మన దిగువపేటలో ఆడపిల్లలున్న తల్లులు ఈ నల్లటివాళ్ళ ఇళ్ళ చుట్టూ తిరుగుతారు. నాలాంటి పాలిపోయిన పంపుదాన్ని రాజేశం చేసుకున్నప్పుడు నలుగురూ నవ్వారు.

కారణం అని ఉన్నచోట వాడు ఒక్కటే రాశాడు. ‘నా భార్య పైనుంచి దిగివచ్చాక మా అమ్మ బుగ్గల మీద చేతులు పెట్టదు.’

నిజమే, పెట్టను. అబద్ధం రాస్తే కోపం వచ్చేది. నిజం రాసినందుకు ఒళ్ళు మండింది.

కింద ఇంకో రెండు కోరికలున్నాయి. పిల్లను తనకు ఇవ్వాలట. కేసు ఖర్చు నేనే భరించాలట. ఖర్చంటే ఏడాదిన్నర ఎండ. తప్పు నాది కాబట్టి ఎండ కూడా నాదే పోవాలని వాడి లెక్క. గడువులోగా జవాబివ్వకపోతే అన్నిటికీ ఒప్పుకున్నట్టే.

నమోదు 214
నీరు: మోకాలికి కొంచెం పైన. రెండో పంపు దగ్గుతోంది.

ఇవాళ మా వంతు. కాగితాలు పంపిన మనిషి పక్కనే కూర్చుని ఎండ కాగాల్సి వచ్చింది. పెళ్ళప్పుడు ఇద్దరి వంతులూ కలిపి జంట కుర్చీలు ఇస్తారు కదా, తీర్పు వచ్చేదాకా వాటిని విడదీయరు.

వారానికి ఒక్కసారి లిఫ్టెక్కి అద్దాల గదికి పోవడం, పొద్దుటెండ ముదిరేలోపు అరగంట కూర్చోవడం, దిగిరావడం. ప్రతిసారీ వీధి మొత్తం వచ్చి వడియాల పళ్ళేలు, పసుపు కొమ్ములు, తడి పొత్తిగుడ్డలు నా చేతికిచ్చేది, కాస్త ఎండ తగిలించి తెమ్మని. ఇవాళ ఒక్క పళ్ళెం కూడా రాలేదు. కాగితాల సంగతి అప్పుడే పాకిపోయింది. నా చేతి ఎండ తగిలితే వాళ్ళ వడియాలకు కూడా విడాకులవుతాయని భయం కాబోలు.

సూరి మాత్రం నా ఒళ్ళో కూర్చుంది. నా కూతురికి మూడేళ్ళు. ఏడేళ్ళు నిండేదాకా పిల్లలకు సొంత వంతు ఉండదు, అమ్మ ఒళ్ళో అయినా నాన్న ఒళ్ళో అయినా కూర్చుని రావాలి. అరవై దాటినవాళ్ళకు వంతు తీసేస్తారు. వాళ్ళు లిఫ్టు మొగదల వరుసగా నిలబడతారు. దిగివచ్చినవాళ్ళు వెచ్చటి అరచేతులు వాళ్ళ బుగ్గల మీద పెడతారు. అదే ఆ ముసలివాళ్ళకు దక్కే ఎండ. మా అత్త పోశవ్వ ఆ వరుసలో ముందే ఉంటుంది, కళ్ళు మూసుకుని, మొహం పైకెత్తి.

పెళ్ళిచూపుల్లో ఆవిడ నా మోచేయి రుద్దిచూసి, “గింత తెల్లగున్నదేందిరా పోరి, సున్నం గోడ లెక్క,” అంది. పాతికమంది విన్నారు. ఆ రోజు నుంచి నా చేతుల వెచ్చదనం ఆవిడకు దక్కనివ్వలేదు. దిగేటప్పుడు లిఫ్టులోని ఇనుప కడ్డీని గట్టిగా పట్టుకుంటాను. కిందకు వచ్చేసరికి చేతులు మంచుగడ్డలవుతాయి. సూరికీ నేర్పాను.

“గట్టిగ పట్టుకో బిడ్డా, సల్లగ కావాలె,” అన్నాను ఇవాళ కూడా. దిగాక పోశవ్వ ఎదుటే నిలబడి, పిల్ల చేతులు నా బుగ్గలకు ఆనించుకుని, “అబ్బ, ఎంత సల్లగున్నయో! నాకు గిట్లుంటెనే ఇష్టం,” అన్నాను.

పోశవ్వ కళ్ళు తెరిచి చూసింది. రాజేశం పళ్ళు నూరాడు. నా కడుపు చల్లబడింది.

నమోదు 219
నీరు: మోకాలి పైన. రెండో పంపు బాగుచేశాను.

వకీలు జలజ మేడం దగ్గరికి పోయాను. ఆవిడ మొహం మాడిన అట్టులా ఉంటుంది. ఎవరు గెలిచినా ఓడినా ఆవిడ వాటా ఎండ ఆవిడకు వస్తుంది, అందుకే ఏ మాటా దాచుకోదు.

“సూడు ఓదెమ్మా, నువ్వు అన్నిటికీ కాదు కూడదంటే కొట్లాట పెద్దగైతది. ఓడితే ఖర్చంత నీ నెత్తిన పడ్తది. విడాకులకు ఒప్పుకో. పిల్లను ఇయ్యనీకి ఒప్పుకో. ఒక్క ఖర్చు కాడ అడ్డం తిరుగు. కేసు తెచ్చినోడు వాడు, ఖర్చు వాడే పెట్టుకోవాలని రాయి. ఈ గదిల అది ఎప్పుడూ గెలుస్తది.”

“పిల్లను ఎట్ల ఇస్త మేడం?”

“ఎండ లేనోడు పిల్లను ఏం చేసుకుంటడే? దాని కాళ్ళు వంకరపోతుంటె సూస్తడా? పది దినాల్ల కాళ్ళు మొక్కుకుంట తెచ్చి నీ ఒళ్ళ కూసోవెడ్తడు. అప్పుడు విడాకులు నీయి, పిల్ల నీది, ఎండ నీది.”

నాకు నవ్వొచ్చింది. అంత తేలికా అనిపించింది. అక్కడే కూర్చుని జవాబు రాసిచ్చాను. విడాకులు సమ్మతమే. పిల్ల తండ్రి దగ్గర ఉండడం సమ్మతమే. ఖర్చు మాత్రం కేసు తెచ్చినవాడే భరించాలి.

పది రోజులు కనకరాజూ. ఏడాదిన్నర చీకటి నెత్తిన పెట్టుకుని, పిల్లను భుజాన వేసుకుని, పంపు గది గుమ్మంలో నిలబడి నా కాళ్ళు మొక్కుతాడు. నువ్వు కూడా ఉండు, చూద్దువుగాని.

నమోదు 226
నీరు: మోకాలి లోతు. పంపులు బాగున్నాయి.

గెలిచాను.

తీర్పరి ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చదివాడు. ఖర్చు దగ్గర ఆగి, “కేసు తెచ్చింది మీరే గనుక ఖర్చు మీదే. ఏడాదిన్నర వంతులు జమ చేసుకుంటున్నాం,” అని రాజేశంతో చెప్పాడు. వాడు మొహం మాడ్చుకుని, “మరి పిల్ల? నాకు ఎండ లేకపోతే పిల్లకు ఎట్ల?” అని అడిగాడు.

“పిల్ల గురించి మీ ఇద్దరికీ తగాదా లేదు. మీరు అడిగారు, ఆమె ఒప్పుకుంది. తగాదా లేని దాని గురించి ఈ గది మాట్లాడదు,” అన్నాడు తీర్పరి.

రాజేశం నా వైపు చూశాడు. ఆ చూపులో ఇక బతిమాలడమే మిగిలిందనుకున్నాను. వెనక బల్ల మీద పోశవ్వ సూరిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బయటకు వస్తుంటే పిల్ల నా కొంగు పట్టుకుంది. పది రోజులే కదా అనుకుంటూ వేళ్ళు విడిపించుకుని వచ్చేశాను.

నమోదు 231
నీరు: తొడల లోతు. వానలేమో పైన.

ఒక్కదాన్నే ఎక్కాను. రాజేశం కుర్చీలో నాకు కాగితాలు తెచ్చిన తీర్పుల గది మనిషి కూర్చున్నాడు. మా ఇంటి ఎండలో నోరు తెరిచి గుర్రుపెట్టి నిద్రపోయాడు.

ఒళ్ళు ఖాళీగా ఉంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అయినా సంతోషంగానే ఉన్నానని రాస్తున్నాను, ఎందుకంటే ఉన్నాను. వాడు ఆ క్షణంలో చీకట్లో కూర్చుని ఉంటాడని తలచుకుంటే ఎండ ఇంకా తియ్యగా తగిలింది.

దిగేసరికి పోశవ్వ వరుసలో నిలబడి ఉంది. పైనుంచి ఆవిడ మనిషెవరూ రారని తెలిసీ వచ్చింది. కళ్ళు మూసుకుని మొహం ఎత్తింది. నా అడుగుల చప్పుడు ఆవిడకు తెలుసు. నేను కడ్డీని ఇంకా గట్టిగా పిసికి వదిలి, ఆవిడ పక్కనుంచి నడిచిపోయాను.

నమోదు 247
నీరు: తొడల లోతు.

రాలేదు. పది రోజులు దాటింది, నెల దాటింది. ఇవాళ షిఫ్టు దిగి వాడి ఇంటికే పోయాను, దారినపోతూ ఆగినట్టు.

సూరి గడపలో కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి వచ్చింది. బాతులా అటూ ఇటూ ఊగుతూ వచ్చింది. మోకాళ్ళు ఎడమయ్యాయి, పిక్కలు విల్లులా వంగుతున్నాయి.

“ఏందయ్యా ఇది? పిల్ల కాళ్ళు సూసినవా?”

రాజేశం లోపలినుంచి వచ్చి గుమ్మానికి ఆనుకున్నాడు. మొహం గోడరంగులోకి తిరిగింది. “సూస్తున్న. దినాం సూస్తున్న.”

“మరి నా దగ్గరికి తేవాలె గదా?”

“పది దినాల్ల కాళ్ళు మొక్కుకుంట వస్తనని రాసినవట గద పుస్తకంల. కనకరాజుకు ‘నువ్వు కూడ సూద్దువు’ అని సెప్పినవట. పది దినాలు కాదు, పది నెలలైనా కూసుంట. నా బిడ్డను నాకిస్తనని సంతకం పెట్టింది ఎవలు? నేనా?”

“కాళ్ళు వంకరపోతున్నయ్‌రా దానివి!”

“నీ కండ్లకు ఇయ్యాల కనపడ్డయా?”

తలుపు వేసుకున్నాడు. కనకరాజూ, నీ నోట్లో పళ్ళన్నీ రాలిపోను.

(కనకరాజు రాత) నీరు తొడల లోతు. ఓదెమ్మక్కా, నేను ఊకనే సెప్పలే. పుస్తకం సూపియ్యమని రాజేశం ఒట్టు పెట్టిండు. అందరం ఇందుల్నే రాస్తం, అందరం సదువుతం, నీకు తెల్వదా?

నమోదు 249
నీరు: తొడల లోతు.

మళ్ళీ జలజ మేడం.

“పిల్లను తిరిగి ఇయ్యమని అడుగుత,” అన్నాను.

“అడుగు. కొత్త కేసైతది. తెచ్చినోళ్ళే ఖర్చు పెట్టుకోవాలె. మనం గెలిచింది ఆ మాట మీదనే గద.”

“అంటే నా వంతులు పోతయ్.”

“పోతయ్. పిల్ల వస్తది.”

“వచ్చి నా ఒళ్ళ సీకట్ల కూసుంటదా?”

ఆవిడ గోళ్ళు చూసుకుంది. “ఇంకో తోవ ఉన్నది. మొదటి కేసు ఖర్చు నీ నెత్తిన ఏసుకుంటనని రాసియ్యి. వాని వంతులు వానికి వస్తయ్, పిల్ల వాని ఒళ్ళ పైకి పోతది. నువ్వు కింద ఉంటవ్. వాడు కూడ సంతకం పెట్టాలె, అంతే.”

“పది దినాల్ల వస్తడన్నవ్ గదా మేడం.”

“నేను మొగుళ్ళ సంగతి సెప్పిన. నీ మొగుని సంగతి నాకేం ఎరుక?”

కాగితం తీసుకోకుండా లేచి వచ్చేశాను. వాడికి మళ్ళీ ఎండ ఇవ్వాలా? నా ఎండ? నా చేత్తో రాసి? వాడే ముందు వంగుతాడు. వాడు మాత్రం తండ్రి కాడా? ఈ మాట కూడా వాడికి చేరవెయ్యి కనకరాజూ: నేనూ కూర్చుంటాను.

నమోదు 263
నీరు: నడుము లోతు. ఒక పంపు ఆగింది.

కూర్చున్నాను. వారం వారం ఎక్కి ఎండ కాగి దిగాను. నా చేతులు నల్లబడ్డాయి. వీధిలో ఇద్దరు ముగ్గురు మళ్ళీ వడియాల పళ్ళేలు ఇవ్వడం మొదలుపెట్టారు. ‘రంగొచ్చినవ్ ఓదెమ్మా’ అంటే ముచ్చటపడ్డాను కూడా. అక్కడ నా బిడ్డ ఎముకలు మెత్తబడుతున్నాయని తెలిసే ముచ్చటపడ్డాను. ఇంతకన్నా నీచంగా ఎవరైనా బతికారేమో నాకు తెలియదు.

ఇవాళ పోశవ్వ పంపు గదికి వచ్చింది. ఆ నీళ్ళలో, ఆ మెట్లు దిగి, గోడ పట్టుకుంటూ వచ్చింది.

“పిల్ల సరిగ నిలబడ్తలేదే ఓదెమ్మా.”

“నీ కొడుకును అడుగు.”

“అడిగిన. నిన్ను అడుగుమన్నడు.”

ఆవిడ బుగ్గలు నానిన కాగితంలా ఉన్నాయి.

“ఆనాడు తెల్లగున్నవన్న. గా మాటకేనా ఇదంత?” అంది.

“అవ్.”

“మా అత్త కూడ నన్ను గదే మాట అన్నది.”

“నువ్వేం చేసినవ్?”

“ఏం చేస్త? దిగొచ్చి చేతులు పెట్టిన. ముసలిది, సలికి వణుకుతుండె.”

వెళ్ళిపోతూ మెట్టు మీద ఆగి, “రాత్రంత కాళ్ళు గుంజుతున్నయని ఏడుస్తది. నిన్నే పిలుస్తది. వాడు లేనప్పుడు నేను మీ అమ్మ వస్తది వస్తది అంట,” అంది.

ఆవిడ మీద ఇన్నేళ్ళుగా మోసిన కసి ఏమైందో తెలియదు. వెతికితే దొరకలేదు. నడుము లోతు నీళ్ళలో నిలబడి గట్టిగా ఏడ్చాను.

నమోదు 264
నీరు: నడుము లోతు.

ఖర్చు నాదేనని రాసిచ్చాను. జలజ మేడం కాగితం మడిచి, “వాని సంతకం తెచ్చుకో,” అంది.

రాజేశం చదివి నా చేతికే తిరిగిచ్చాడు. “ఆలోచిస్త.”

“ఏముందిరా ఆలోచించనీకి?”

“నువ్వు ఆలోచించినవ్ గదా గిన్నిదినాలు. నేనూ ఆలోచిస్త.”

నమోదు 266
నీరు: నడుము లోతు.

మళ్ళీ పోయాను. ఇంట్లో లేనని చెప్పించాడు. లోపల దగ్గుతున్నాడు.

నమోదు 269
నీరు: నడుము లోతు. కనకరాజు రెండో పంపు బాగుచేశాడు. నాతో మాట్లాడడు, నేనూ మాట్లాడను.

ఇవాళ వాడి కాళ్ళు పట్టుకున్నాను. వీధి గుమ్మంలో, అందరూ చూస్తుండగా. ఎవరు ఎవరి కాళ్ళు మొక్కాలని ఈ పుస్తకంలో రాశానో అందరికీ తెలుసు. ఒకామె నవ్వింది కూడా. వడియాలు ఇచ్చిన ఆమే.

వాడు నవ్వలేదు. అంత దూరం పోయినా వాడికీ ఏ సుఖమూ దక్కినట్టు లేదు. సంతకం పెట్టి, “పిల్లను వరుస కాడ సూసుకో. ఇంటికి రాకు,” అన్నాడు.

నా కుర్చీని సాయంత్రానికల్లా తీర్పుల గదికి రాసేశారు. ఏడాదిన్నర.

నమోదు 271
నీరు: చూడలేదు. కనకరాజూ, నువ్వు చూసుకో.

ఇవాళ లిఫ్టు మొగదల వరుసలో నిలబడ్డాను, ముసలివాళ్ళ మధ్య, పోశవ్వ పక్కన. నన్ను చూసి ఆవిడ కొంచెం జరిగి చోటిచ్చింది. నా వయసువాళ్ళు ఆ వరుసలో ఎవరూ ఉండరు. దారినపోయేవాళ్ళు తిరిగి తిరిగి చూశారు.

లిఫ్టు వచ్చింది. రాజేశం సూరిని దింపాడు. దాని మొహం ఎర్రగా కంది ఉంది. ఎన్ని నెలలైంది ఆ మొహంలో రంగు చూసి! వంకర కాళ్ళతోనే తూలుతూ మా వైపు వచ్చింది. కుడిచెయ్యి చంకలో దాచుకుని ఉంది. పోశవ్వ దగ్గర ఆగి ఆ చెయ్యి తీసి ఆవిడ బుగ్గ మీద పెట్టింది. పోశవ్వ కళ్ళు మూసుకుంది.

నేను ముందుకు వంగాను. కళ్ళు మూసుకుని మొహం ఎత్తాను, అందరిలాగే.

సూరి ఎడమచెయ్యి నా బుగ్గను తాకింది. ఇనుములా చల్లగా ఉంది. ఉలిక్కిపడి కళ్ళు తెరిచాను.

“గింత సల్లగున్నదేంది బిడ్డా?”

“కడ్డీ పట్టుకున్న,” అంది గర్వంగా. “గట్టిగ పట్టుకున్న, పైనుంచి కిందిదాక.”

“ఆ చెయ్యి వెచ్చగున్నది గదా. అది ఒక్కసారి నాకు పెట్టవా?”

అది అర్థం కానట్టు నా మొహంలోకి చూసింది. “అది నానమ్మది. నీకు సల్లగుంటెనే ఇష్టం గదమ్మా. నీ కోసమని గింతసేపు పట్టుకున్న.”

పోశవ్వ పక్కకు తిరిగిపోయింది. సూరి చెయ్యి తియ్యలేదు, నేను ఏమంటానో అని చూస్తోంది.

“అవ్ బిడ్డా,” అన్నాను. “నాకు గిట్లుంటెనే ఇష్టం.”